సుట్టకి పోయిన పేజీలు

ఎనక్కెల్లిపోదామా? ఏటి, టిక్కెట్లు తీసీసినాకా? బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదకి రానైనా రానేదు, నువ్వప్పుడే ఇంటిమొకం పట్టీసావు. కూకో బావా. అటూ ఇటూ తిరిగి ఆయాసం తెచ్చుకున్నావంటే మల్లీ నానే నీ కాళ్ళు పిసకాల.

ఆ సదువుకునే మిషను కొనీమంటావు. అది కొనేత్తే ఇసాపట్నం రానంటావు. డయాలిసిస్సూ ఒద్దు, సూదులూ ఒద్దు, వసారాలో మంచమేసుకుని నవల్లు సదువుకుంటా ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంటానంటావు. నవల్లట. ఎవులంటన్నారీ మాట? నువ్వేనా?

కోప్పడకు. కోపమొత్తే నీకు బీపీ పెరుగుద్ది, నర్సమ్మ నన్ను తిడతాది.

సరే, కొనాలో ఒద్దో మాటాడుకుందాం. సాయంత్రం తరుణ్ బెంగులూరు బండెక్కే ఏలకి ఆడికి జవాబు సెప్పాల కదా. మీ సెల్లి కొడుకు మంచోడే. నానేటీ అన్ను. ఆడు కొత్తది కొనుక్కున్నాడు, పాతది మావయ్యకిత్తే కాలచ్చేపం అవుద్దనుకున్నాడు. రెండ్రోజులుంచుకుని సూడు మావయ్యా, నచ్చకపోతే ఇచ్చీ అన్నాడు. ఈ-బుక్కు రీడరట. ఇస్కూలు పిల్లల పలకంత ఉన్నాది. దాంట్లో ఒక బీరువాడు పుత్తకాలు పడతాయట.

మొన్న ఆడు మొదట నొక్కితే ఏటొచ్చింది? ఇంగిలీసు. తెలుగెయ్యరా అంటే గళ్ళొచ్చాయి. అచ్చరం ఉండాల్సిన సోటల్లా ఓ కాళీ గడి. దీనికి తెలుగు రాదత్తా అన్నాడు. ఇచ్ఛాపురం అవతలనుంచి జీడిపిక్కల బేరానికొచ్చే ఒడియా సేటుకి తెలుగొచ్చు. సముద్రం దాటొచ్చిన ఈ మారాణికి రాదట.

అప్పుడు నువ్వేటి సేసావు? మీ అత్త ట్రంకుపెట్టె ఇప్పరా అన్నావు. నాను తోటకాడున్నాను. నన్నడగనైనా అడగనేదు. ఇద్దరూ నా నవల్లన్నీ వసారాలో పరిసేరు. ఆడు పేజీ పేజీకీ ఫొటో తీసి దాంట్లోకెక్కించాడు. నానొచ్చి గుమ్మంలో నిలబడి సూసాను. నవ్వొచ్చింది, పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఎందుకంటే బావా, ఆ పుత్తకాలు ఆ పెట్టెలోకి ఎలగొచ్చేయో నీకు గేపకం నేదు. నాకున్నాది.

కాశీబుగ్గలో కూర్మయ్య కొట్టు. అద్దె నవల్ల కొట్టు. మనకి పెళ్ళైన కొత్తలో సంతకెల్లినప్పుడల్లా ఒక నవల తెచ్చుకునేదాన్ని. జీడిపిక్కల బట్టీ నుంచి పప్పు ఇంటికి తెచ్చి పొట్టు తీసిన డబ్బులు నాయే, నీ సొమ్ము కాదు. పొట్టు తీత్తా సదివేదాన్ని. జీడిమరక ఏళ్ళు గదా, పేజీ మూలకల్లా నల్లగా నా బొటనేలు ముద్ర పడీది. ఆ ముద్రలు కూడా ఫొటోల్లో పడ్డాయి, సూసేవా?

నువ్వు ఒద్దన్నేదు. అదే నీ గొప్ప. కొట్టనైనా కొట్నేదు. నువ్వేటి సేసీవోడివో సెప్పనా? ఊరి పెద్దల్తో కబుర్లాడి వొచ్చి, మంచం మీద కూకుని, ఏటే, కత ఎంతవరకూ వొచ్చింది అనీవోడివి. నాను ఎర్రిదాన్ని. అయిపొచ్చింది బావా, ఇంకొంచిమే ఉన్నాది అని మురిసిపోతా సెప్పీదాన్ని. సెయ్యి సాపి పుత్తకం తీసుకునీవోడివి. కడాపేజీలు పర్రున సింపి, మెలిపెట్టి, దీపం మీద పెట్టి, సుట్ట ముట్టించీవోడివి.

అగ్గిపెట్టి నీ జేబులోనే ఉండీది. అగ్గిపెట్టి నేక కాదు.

పొగొదిలి ఏటనీవోడివి? ముగింపు నాను సెప్తాను ఇనుకో, ఆడది మొగుడికాడికెల్లిపోద్ది, శుభం. అని నీలో నువ్వే నవ్వుకునీవోడివి. ఎదర కూకున్నోల్లు కూడా నవ్వీవోల్లు. మీ తమ్ముడు ఢిల్లీశ్వరరావుకైతే పొలమారీది.

సింపిన పుత్తకం కూర్మయ్య తీసుకుంటాడా? సుభద్రమ్మా, ఇది నువ్వే ఉంచుకో, దీని కరీదు కట్టీ అనీవోడు. కట్టీసేదాన్ని. పుత్తకం నాదైపోయీది. అలగ నిండింది బావా నా ట్రంకుపెట్టె. కొని పెట్టుకున్నవి కావు, నువ్వు సింపితే మిగిలినవి. ఉద్దానంలో ఇంకే ఆడదానికీ అంత లైబ్రరీ నేదు. అంతా నీ సలవే.

తల తిప్పీసుకోకు. ఇను. బండి లేటన్నాడు కదా, నీకు మాత్రం ఇంకేటి పనున్నాది?

మీ అమ్మ రత్నాలమ్మ నాకు మేనత్తే గాని, అత్తరికం ఏటీ తక్కువ సెయ్యనేదు. ఐనా ఆ ముసల్ది నీకంటే నయం. సుట్ట నిప్పు నోట్లోకెట్టుకుని, అడ్డపొగ పీలుత్తా, నా పక్కన కూకుని పప్పు పొట్టు తీత్తా కతలినీది. నువ్వు సింపీసిన నాడు నన్ను సూసి ఏటందో తెలుసా? ఏడుపెందుకే, ఆడు కాల్సింది కాయితమే కదా, ముగింపు నువ్వు కట్టు, నానింటాను అంది. నిప్పు నోట్లో ఉండగానే అంది, మాట తడబడనేదు.

అప్పణ్ణించి ముగింపులు నానే కడతన్నాను.

ఇప్పుడొత్తాను నీ కాడికి. నీకీ కిడ్నీల జబ్బొచ్చింది. మనూర్లో ఇంటికొకరికున్నాది, నీకొచ్చిందని నానేటీ పండగ సేసుకోనేదు. కొబ్బరితోట ఆసామివి, బొండం నీళ్ళు ముట్టకూడదన్నారు. జీడిపప్పు ఒద్దన్నారు. గళాసుడు నీళ్ళు రోజంతా సరిపెట్టుకోమన్నారు. జాలేసింది. నిజం. జాలేసిందని పగ పోద్దా? నీ మీద పగ నాకు జీడిమరకనాంటిది బావా, సబ్బుకీ పోదు, బూడిదకీ పోదు.

మొన్న వానాకాలంలో ఇలగే మానేత్తానన్నావు గేపకముందా? మనూరి రామూర్తి డయాలిసిస్సు మానీసాడు, నానూ మానేత్తాను, అన్నావు. రామూర్తి మానీసిన వారానికి ఆళ్ళ వాకిట్లో పాడె కట్టేరు. దానికి నువ్వెల్లి భుజం పట్టేవు కూడాను. ఐనా రానంటావు. బతిమాలి, ఏడిసి, మీ తమ్ముడిసేత సెప్పించి బండెక్కించాను. ఆస్పత్రిలో నీకు తోచక, ఊరికే ఆ రగతం కడిగే మిషను సుట్టు సూత్తా పడున్నావు. నాను సంచిలోంచి నా నవల తీసి సదువుకుంటన్నాను. ఏటే అది, పైకి సదువు అన్నావు.

నువ్వే అడిగేవు. నానేటీ ఇనమన్లేదు.

సదివేను. ఆ మంగతాయారు కత. మొగుడు కోటీశ్వరుడు, ఆడి మీద కూనీ కేసు. ఆడు సేసేడో నేదో సూసింది ఆవిడొక్కర్తే. ఆడు ఆవిణ్ణి పెట్టిన బాదలన్నీ సదివితే, నువ్వు పక్కకి తిరిగి గోడ సూసేవు. నాలుగ్గంటలూ అయిపోనాయి, సూదులు తీసీసేరు, పుత్తకం మూసీసేను. తరవాత ఏటైంది అన్నావు. మల్లీసారికి అన్నాను.

మల్లీసారి నాకంటే ముందు నువ్వే సెప్పులేసుకున్నావు. ఆటో ఓడికి బేగి రమ్మని నువ్వే ఫోను సేసేవు. అదీ నాను సూసేను.

అలగ వత్తా వత్తా, ఆవిడ కోర్టుకొచ్చింది. బోనులో నిలబడింది. దేవుడి మీద ప్రమాణం అని సెయ్యెత్తింది. అక్కడికి పేజీ అయిపోనాది. ఊఁ, సదువు అన్నావు. కడాపేజీలు నేవు అన్నాను. నేవేటి అన్నావు. సింపిన పేజీల మొదళ్ళు నీ మొకం ముందెట్టి సూపించేను. నువ్వే బావా, సుట్ట ముట్టించుకున్నావు అన్నాను.

పదేనేళ్ళు కాసుకున్నాను ఆ మాట అనడానికి. నీ ఎడంసెయ్యికి రెండు సూదులున్నాయి, లేవనేవు, నా సేతిలోంచి లాక్కోనేవు. కుడిసెయ్యి ఇలగ గాల్లోకెత్తి దించీసేవు. ఎంత సుకంగా ఉందో సెప్తే పాపం తగుల్తాది. రైల్లో ఇంటికొచ్చినంతసేపూ కిటికీలోకి సూసి నవ్వుకుంటానే ఉన్నాను.

అక్కణ్ణుంచి పట్టుకున్నాది నీకు. ముగింపు సెప్పీ అంటావు. సెప్పను. అమ్మ తోడు అంటావు. ఐనా సెప్పను. అందుకే ఈ మిషను మీద మనసు పడ్డావు. ప్రపంచంలో పుత్తకాలన్నీ దాంట్లో ఉంటాయి, కడాపేజీలూ ఉంటాయి, ఈ ముండదాని కాళ్ళు పట్టుకోనక్కర్నేదు అనుకున్నావు. ఔనా కాదా?

నిన్న మజ్జానం వసారాలో నొక్కుకుంటా నొక్కుకుంటా కడకెల్లేవు. తలుపు సాటునుంచి సూత్తన్నాను. మంగతాయారు సెయ్యెత్తింది. మల్లీ నొక్కేవు. ఏటొచ్చింది? సింపిన మొదళ్ళ ఫొటో. పాపం, తరుణ్ అదీ ఒగ్గనేదు, శ్రద్ధగా తీసేడు. ఇంకో నవల నొక్కేవు. దానికీ మొదళ్ళే. మరోటి. అన్నిటికీ అంతే. ఒక బీరువాడు పుత్తకాలు పట్టినా, నువ్వొగ్గినవే గదా దాంట్లోకెక్కుతాయి. సేసుకున్నోడికి సేసుకున్నంత.

నాకేసి సూసేవు. అప్పుడు నీ మొకం సూసి నాను నవ్వనేదు. నవ్వు రానేదు మరి. ఎందుకో తెల్దు.

ఇంతకీ కొనాలా ఒద్దా? దాని మంచి దానికున్నాది, అబద్దమెందుకు. సూదులున్నంతసేపూ నీకు ఆడీది ఒక్క సెయ్యే. ఒక్క సేత్తో పుత్తకం పట్టుకుని పేజీ తిప్పబోతే జారి నీ మొకమ్మీదే పడ్డాది. దీనికైతే బొటనేలుంటే సాలు. అచ్చరాలు ఆవాలంతున్నాయి, పెద్దవి సేత్తే లైను సగమే కనిపిత్తాది. పొద్దు గుంకితే దీపం పెట్టుకోవాల. అది సర్దుకోవచ్చు. ఇంకోటి, దీన్ని సింపనేవు. సుట్టకి అంటించనేవు. ఆ గుణం నాకు నచ్చింది.

అందుకే కొందాం. తరుణ్‌కి పొద్దున్నే సెప్పీసేను, ఉంచుకుంటాం నాయనా అని.

ఏటలగ సూత్తావు? కొంటాను, సదువుకో. నువ్వు సింపినవన్నీ వరసగా సదువు. ఒక్కోటీ కడదాకా సదివి ఆ మొదళ్ళ కాడికొచ్చి ఆగు. నాను ఎన్నిసార్లాగేనో అన్నిసార్లూ నువ్వూ ఆగాల. ముగింపులు మట్టుకు దాంట్లో నేవు, నా నోట్లో ఉన్నాయి. అవి ఇంటికాడ సెప్పను. వసారాలో మంచమ్మీద సెప్పను. ఆస్పత్రిలో, సూదులు దిగి, ఆ గొట్టాల్లో నీ రగతం ఎర్రగా తిరగడం మొదలెట్టినాకా సెప్తాను. ఒక ట్రిప్పుకి ఒకటి. రానన్నావా, ఎవులూ సెప్పరు. మీ అమ్మ ఇన్నాది గాని, అది పోనాది.

ఇదంతా ప్రేమనుకునేవు. కాదు. నువ్వు రామూర్తినాగ ఎల్లిపోతే నా పగ ఎవులిమీద తీర్సుకోను? ఇన్నేళ్ళకి నా సేతికి సిక్కేవు. బేగి ఒగ్గీడానికి నాకు మనసొప్పదు.

ఏటి? మంగతాయారు ఏటి సెప్పిందనా?

మల్లీ అదే. సరే, ఒక మాట సెప్తాను. ఆవిడ ముగింపు ఒక్కలాగ ఉండీది కాదు. నువ్వు సింపిన మర్నాడు, ఈడే సేసేడు బాబూ అని సెప్పించేను. ఉరేసేరు. మీ అమ్మ సప్పట్లు కొట్టింది. నీకు టైఫాయిడొచ్చి ఒళ్ళు తెలీకుండా పడున్న నాడు, ఈడు కాదండీ, నాను సూసేను అని ఇడిపించేను. తగ్గి లేసి, గంజిలో ఉప్పు నేదని గిన్నె ఇసిరేవు. మల్లీ ఉరేసేను. అలగ ఆడు నా సేతిలో ఎన్నిసార్లు సచ్చేడో, ఎన్నిసార్లు బతికేడో నాకే గేపకం నేదు.

ఇప్పుడా?

ఇప్పుడు ఆవిడ బోనులోనే ఉంది బావా. సెయ్యెత్తి నిలబడుంది. కోర్టంతా ఆవిడ నోరు సూత్తన్నాది. మొగుడూ సూత్తన్నాడు. ఏటి సెప్పించాలో నానింకా అనుకోనేదు. నీ మీద ఒట్టు, నాకే తెల్దు.

లే. బండి పెట్టేరు. మిషను నాకిచ్చి, ఆ సెయ్యి నా భుజమ్మీదెయ్యి. మెట్టు ఎత్తుగా ఉంటాది.