క్రాంతి అతికిన రెక్క

అమరచింతలో వడ్ల తిరుపతి ఇంటి అరుగు. పొద్దెక్కుతోంది. అరుగు మీద తిరుపతి, గడపలో కోడలు ఉమారాణి.

“ఇంట్ల ఆ ముక్క లేదంటే ఇనవేంది మామా!”

“ఉన్నది. క్రాంతి ఫోటో ఎనక ఉన్నది. పొద్దుగాల నువ్వు ఊదుబత్తి ముట్టిచ్చేటప్పుడు చూసిన.”

“చూసినంక మల్ల నన్నెందుకు అడుగుడు?”

“నీ మొగనిది బిడ్డా. నిన్నడగకుండ ఎట్ల తీస్త?”

“తియ్యకు. ఆడ్నే ఉండనియ్యి. ఛాయ తాగు, చల్లారిపోతుంది.”

“తాగిన.”

“యాడ తాగినవ్? మీగడ కట్టి గట్లనే ఉన్నది గిలాస.”

“జర ఇను ఉమా. నిరంజన్ సారు ఫోన్ చేసిండు. రేపు ఇమానం రెక్క కోస్తరంట.”

“కోస్తే కోయనియ్యి.”

“గట్లంటివేంది? వాడు ఎండాకాలమంత కూసోని చేసిన రెక్క గది.”

“చేసినోడే లేడు మామా. రెక్క ఉంటేంది, పోతేంది?”

“నీ కడుపుల బాధ నాకు తెల్వదా? గని ఆ ఇమానం సంగతి గూడ చూడాలె. రెండో ప్రపంచ యుద్ధంల ఎగిరి పాణంతోని వచ్చింది. తర్వాత ఎవలు పట్టించుకోక ఏదో గోదాంల పడి చెదలు పట్టింది. గసుంటి కట్టె ఇమానాన్ని సారు గద్వాలకు తెచ్చి, మమ్మల్ని పెట్టి, ముక్క ముక్క మల్ల నిలబెట్టిచ్చిండు. ఇగ రెక్కలకు బట్ట కట్టుడే మిగిలింది. రాజోలి నేతోళ్లు బట్ట గూడ పంపిండ్రు. గిప్పుడు చెకింగుకొచ్చిన ఆఫీసరు అడిగిండు, రెక్క లోపలి ఈ దూలం అతికిన నాటి ముక్క యాడున్నది అని.”

“లేదని చెప్పకపోతివా?”

“చెప్పినం. లేకుంటే రెక్క కోసి లోపల అతుకు చూడాలె అన్నడు. ఆయనదేం తప్పు లేదు. ఎగిరేది మనుషులు గద. గమ్ కలిపినప్పుడల్ల అదే గమ్‌తోని రెండు చిన్న బద్దలు అతికి పక్కకు పెడ్తం. రెక్కను పలగ్గొట్టి చూడలేం, ఆ బద్దల్నే పలగ్గొట్టి చూస్తం. అతుకు కాడ సాఫ్‌గ ఊడిందనుకో, గమ్ పట్టనట్టు. కట్టెనే చిరిగి అతుకు గట్లనే ఉన్నదనుకో, గమ్ గట్టిగ పట్టినట్టు...”

“తెలుసు మామా. నాకెందుకు చెప్తవ్? అన్నం తినుకుంట గూడ ఆయనకు అదే ముచ్చట. కూర ఎట్లున్నది అంటే, గమ్ మంచిగ పట్టింది ఉమా అనెటోడు.”

“గంత పిచ్చి వానికి. దర్వాజలు, మంచాలు చేసుకుంట నా మానాన నేనుంటే, వాడే పట్టుకపోయిండు గద్వాల షెడ్డుకు. ఎగిరే నాడు నిన్ను ఎక్కిస్త నాయినా, పంచె గట్టిగ కట్టుకో అని నవ్వుతుండె.”

“నాతోని గూడ అన్నడు. మా నాయిన ఎక్కితే ఇమానం గూడ ఆయన మాటినాలె, లేకుంటే దాన్నీ తిడ్తడు అని.”

“గట్లన్నడా?”

“నవ్వుకుంటనే అన్నడు మామా. కోపంతోని కాదు.”

“తిట్టేటోడు అని పేరైతే పడ్డది నాకు. తియ్యి ఉమా, గా ముక్క తియ్యి.”

“తియ్య. దవాఖానల నర్సమ్మ ఆయన ఫోను, గడియారం, గీ బద్ద నా చేతిల పెట్టింది. అంగీ జేబుల ఉన్నదంట. ఫోను పలిగింది, గడియారం పలిగింది. ఇదొక్కటే మంచిగున్నది. దీన్ని గూడ పలగ్గొట్టమంటవా?”

“అది నాకియ్యొచ్చిండు బిడ్డా ఆ దినం.”

“గిప్పుడు అయన్ని ఎందుకు?”

“పలగ్గొట్టి చూడు నాయినా అన్నడు. రెండుసార్లు అన్నడు. నేను చూసే పనే లేదన్న. గమ్ కలిపినంక ఫోన్ మాట్లాడుకుంట నిలవడ్డవ్, క్లాంపులు బిగించే సరికి గమ్ ఆరింది అన్న. ఆరలే నాయినా, టైముల్నే బిగిచ్చిన అంటడు వాడు. ఇగ నాకు లేసింది. సారున్నడు, పనోళ్లున్నరు, అందరి ముందల అన్న. నువ్వు అతికిన రెక్క మీద మనిషిని ఎక్కియ్య, రేపటి సంది షెడ్డుల కాలు పెట్టకు అన్న. వాడు ముక్కను జేబుల ఏసుకున్నడు, బండి తీసిండు.”

“ట్రాక్టర్ చంపింది మామా. నీ మాట కాదు. జూరాల దాటినంక వానల లైట్లు లేని ట్రాక్టర్ ఆపిండ్రు, ఆయనకు కనపడలే. గంతే.”

“కోపం మీద పోతుంటే కండ్లకేం కనపడ్తది?”

“ఊకో మామా. ఎన్నిసార్లు అంటవ్ అదే మాట?”

“ఆ ఫోన్ చేసింది నువ్వే గదా?”

“నేనే. పూజకు జ్వరమొచ్చిందని చేసిన.”

“ఎంతసేపు మాట్లాడిండు?”

“యాదికి లేదు.”

“జర యాద్ చెయ్యి బిడ్డా.”

“ఏమో... చానసేపే మాట్లాడినట్టున్నడు. నేనే పెట్టనియ్యలే. పిల్ల ఒళ్లు కాలుతుందని ఏడ్చిన. నా దిక్కు గట్ల చూడకు మామా. తెల్వదంటున్న గద!”

“సరే, అడుగ. గని ఆ దూలాన్ని నేనైతే కోయలే. వద్దన్నది నేనే, అయినా కోయలే. వాడు పోయినంక నువ్వే తియ్యి తిరుపతీ అన్నడు సారు. రంపం పట్టుకొని పోయి నిలవడ్డ. చెయ్యి రాలే. ఇమానమంతట్ల షురూ నుంచి ఆఖరుదాంక వాడొక్కడే చేసింది గా ఒక్క దూలమే ఉమా. అది పోతే వాని చేతి పని ఇగ లోకంల లేదు.”

“నాకు లేదా మామా? నాకు లేదా బాధ? ఎగిరిన నాడు పూజను సంకనేసుకొని పోదామనుకున్న. గదో మీ నాయిన చేసిన రెక్క అని చూపిద్దామనుకున్న. అది గూడ లేకుంటే దానికేం చూపియ్యాలె, ఫోటోనా?”

“అందుకే ముక్క ఇయ్యమంటున్న.”

“ముక్క ఊడితే?”

“ఊడితే రెక్క కోస్తం. కొత్త దూలం నేనే చేస్త. నోరు మంచిది కాకపోయినా ఒక మనిషి పాణం కాపాడిన అనుకుంట. కొడుకు పోయిండు గని మాట తప్పు కాదనుకుంట.”

“ఊడకుంటే?”

“ఆ ఛాయ ఇటియ్యి, తాగుత.”

“ఊడకుంటే ఏం జేస్తవ్ మామా?”

“ఏం జేస్త? ఏం లే.”

“మొన్న జూరాల గేట్ల కాడ ఎందుకు దిగినవ్?”

“నీళ్లు చూసిన. గేట్లు ఎత్తిండ్రు గద.”

“దేవమ్మత్త బస్సులకెళ్లి చూసిందంట. చెప్పులు ఇడిచి, కట్ట అంచుకు నిలవడ్డవంట. పిలిస్తే పలకలేవంట. నీళ్లు చూసెటోళ్లు చెప్పులు ఇడుస్తరా?”

“గంగమ్మకు మొక్కిన.”

“నాకు అబద్ధాలు చెప్పకు! ఒగన్ని తీసుకపోయిండ్రు గీ ఇంట్లకెళ్లి. మల్ల నిన్ను గూడ మోసుడు నాతోని కాదు మామా. నాకెవలున్నరు? పూజ బడికెళ్లి రాంగనే ముందుగాల ‘తాతా’ అంటది, ‘అమ్మా’ అనది.”

“ఏడ్వకు. ఏడ్వకు బిడ్డా. నేనేడికి పోత? గని తెల్వకుండ మాత్రం ఉండలేను. పండుకుంటే అదే, లేస్తే అదే. వాని మాట నిజమా, నా మాట నిజమా అని. సావనియ్యదు, బతకనియ్యదు.”

“తెలిస్తే బతుకుతవా?”

“తెల్వాలె.”

“ఆగు. తెస్త.”

“మెల్లగ తియ్యి, ఫోటో పడ్తది.”

“ఇగో. పెన్సిల్‌తోని రాసుకున్న పేరు గూడ చెరగలే.”

“గవే కోడిగీతలు. ఎన్నడన్న కుదురుగ రాసిండా? ఆ సంచిల ఉలి ఉన్నది, సుత్తె ఉన్నది తియ్యి. ముక్కను గడప మీద పెట్టు. గట్ల గాదు, నిలువుగ. ఉలి సరిగ్గ అతుకు మీద ఉండాలె. ఆ, గట్ల. ఇగ కొట్టు.”

“నేనా?”

“నువ్వే. వాని పని మీద మల్ల నా చెయ్యి లెవ్వదు.”

“మొకం అటు తిప్పు మరి.”

“తిప్పిన. కొట్టు.”

“పలగలే.”

“జాలి పడకు. గట్టిగ కొట్టు.”

“కొడ్తనే ఉన్న.”

“మల్ల కొట్టు.”

“పలిగింది.”

“చూడు. ఎట్లున్నది?”

“ఆగు మామా.”

“ఎట్లున్నది ఉమా? నాకు చూసే ధైర్నం లేదు, నువ్వే చెప్పు.”

“కండ్లల నీళ్లొస్తున్నయి, ఆగు.”

“బిడ్డా!”

“ఊడింది.”

“సాఫ్‌గనా?”

“సాఫ్‌గనే. అతుకు కాడికే ఊడింది. గమ్ పట్టనే లేదు మామా. నువ్వన్నదే నిజం.”

“వాడు ఆరలే అన్నడు గద.”

“తప్పు చేసి ఒప్పుకోలే. గంతే. నాతోని ఫోన్ల ముచ్చట పెట్టుకుంట నిలవడ్డడు, గమ్ ఆరింది. ఆ దినం నువ్వు ఆపకపోతే ఎవల పాణమో పోతుండె. నువ్వు మంచిదే చేసినవ్ మామా. ఇగ రంది పెట్టుకోకు. లే, మొకం కడుక్కో, అన్నం పెడ్త.”

“ఇటియ్యి దాన్ని.”

“ఎందుకు? పలిగిన బద్దలే గద. పొయ్యిల ఏస్త.”

“దాని మీద మొగని పేరున్నది. పొయ్యిల ఏస్తవా?”

“ఏస్త. నా మొగడు, నా ఇష్టం. ఆయన పేరు తప్పు పని మీద ఎందుకుండాలె?”

“చేతిల పెట్టు ఉమా. చూడనే చూడ. ఇగో, కండ్లు మూసుకున్న.”

“వద్దు మామా.”

“ఇటు తే.”

“నీ కాల్మొక్త మామా, వద్దు. మామా! గుంజకు, గుంజకు... అయ్యో, నెత్తురొస్తుంది! ఏమైంది?”

“ఏం లే. పేడు గుచ్చుకున్నది.”

“చూడనియ్యి, సూదితోని తీస్త.”

“ఉండనియ్యి.”

“లోపలికి పోతది మామా.”

“పోనియ్యి బిడ్డా.”

“మామా, గట్ల ఆ బద్దను వేళ్లతోని రాసుకుంట కూసోకు, నాకు భయమైతుంది.”

“సారుకు ఫోన్ కలుపు.”

“నేను చెప్త. నువ్వు మాట్లాడలేవు. కోయమని చెప్తే అయిపాయె గద.”

“కలిపి నా చెవి కాడ పెట్టు.”

“మామా...”

“పెట్టు బిడ్డా. ఆ... సార్, నేను, తిరుపతిని. క్రాంతి ముక్క దొరికింది సార్. మా కోడలు పలగ్గొట్టింది, నేను తడిమి చూసిన. రేపు రెక్క మీద రంపం పెట్టకుండ్రి. కట్టెనే చిరిగింది సార్, నా కొడుకు అతుకు ఊడలే.”