ఒక్క పట్టీ మేకులతో పద్నాలుగు గుమ్మాలు

పనిముట్ల కొట్టు తొమ్మిదికి గానీ తెరవరు. ఎనిమిదిన్నరకే ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర చేరాం: నేనూ, వడ్రంగి మేస్త్రీ అయిన మా మావయ్యా, పెయింటర్ బాబాయీ.

తొమ్మిది గుమ్మాల చుట్టూ చెక్క బీడింగ్ కొట్టాలి. నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. బాగా చేస్తే ఆ బిల్డింగులో మిగతా ఫ్లాట్లన్నీ నాకే ఇస్తామన్నారు. చెడగొట్టానా, మళ్ళీ మావయ్య వెనకాల టేపు పట్టుకుని తిరగడమే. అందుకే బ్యాటరీతో నడిచే మేకుల గన్ కొనాలని వచ్చాను. నిన్న కొట్లో రెండు చూశాను. ఒకటి చేతికి పువ్వులా ఉంది. రెండోది అరకిలో బరువెక్కువ. దాని గొప్పలు కొట్టాయన ఏవో నాలుగు చెప్పాడు గానీ, నాకు గుర్తున్నది బరువొక్కటే.

"ఏది కొనమంటావు మావయ్యా?" అన్నాను. అంతే, తేనెపట్టు మీద రాయి వేసినట్టయింది.

"తేలికదే తీసుకోవే కోడలా! నా దగ్గరున్నదీ అదే. మొన్నామధ్య డాక్టరమ్మ ఇంట్లో దాంతో ఏం చేశాననుకున్నావు? పద్నాలుగు గుమ్మాలు! పొద్దున్నే వెళ్తే ఆవిడ టీ ఇచ్చింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, ఊరికే చెయ్యాడిద్దామని ఒక గుమ్మం మొదలుపెట్టా. కంప్రెసర్ లేదు, కాళ్ళకి చుట్టుకునే పైపు లేదు. టప్ టప్ టప్. మూడు వైపులా అయిపోయింది. వచ్చి చూస్తే టీ ఇంకా పొగలు కక్కుతోంది!"

"ఒక్క గుమ్మమేగా," అన్నాడు టీ ఆయన, గ్లాసులు కడుగుతూ.

"ఒక్కటా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊపందుకుంది. టప్పుకీ టప్పుకీ మధ్య సందు లేదు, అంతా కలిసి ఒకటే మోత. పక్కింటివాళ్ళు వానొచ్చిందనుకుని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేసుకున్నారంటే నమ్ము!"

"తడిశాయా?" అన్నాడు పెయింటర్ బాబాయ్.

"వానే లేదు కదయ్యా! మధ్యలో అడ్డం రాకు. ఎనిమిదో గుమ్మం దగ్గర ఒక మేకు కొంచెం గట్టిగా దిగింది. బీడింగ్ దాటింది, గోడ దాటింది, అవతలి ఫ్లాటులో ఆరేళ్ళుగా ఊగుతున్న అలమారాని బిగించేసింది. ఆ ఇంటాయన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎడమచేత్తోనే మరో గుమ్మం పూర్తి చెయ్యాల్సి వచ్చింది."

"పాపం," అన్నాను.

"పాపం కాదే, అసలు కథ ఇప్పుడొస్తోంది! ఆ బిల్డింగు కట్టినప్పటినుంచీ వేలెడంత వాలి ఉందట. పద్నాలుగో గుమ్మానికి ఆఖరి మేకు దింపానా, ఆ బిగువుకి కిర్రుమని నిటారుగా లేచి నిలబడింది! లిఫ్టు తలుపు ఇన్నాళ్ళకి సరిగ్గా మూసుకుందని వాచ్‌మన్ పైకొచ్చి చెప్పి వెళ్ళాడు. ఇంతా చేసి, మొదట పెట్టిన మేకుల పట్టీ తప్ప గన్‌లో ఇంకో పట్టీ నింపితే ఒట్టు!"

నాకు తిక్క లెక్కలు చెయ్యడం అలవాటు. "పట్టీకి వంద మేకులు. గుమ్మానికి ముప్పై. పద్నాలుగు గుమ్మాలకి నాలుగు వందల ఇరవై కావాలి. వందతో ఎలా కొట్టావు మావయ్యా?"

"చేతిలో పనితనం ఉండాలే! పొదుపు తెలిసిన చేతిలో మేకులూ పొదుపుగానే దిగుతాయి."

పెయింటర్ బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ఇంటికి రంగు వేసింది నేనే మేస్త్రీ. మూడు గుమ్మాలూ, నాలుగోదానికి ఒక పక్కా. అక్కడితో నీ మేకులు అయిపోయాయి. మిగతాదంతా ఉత్త గన్ కొట్టావు."

"చిల్లులు పడలేదా ఏమిటి?"

"పడకేం? మేకుని తోసే సూది ఉత్తినే కొట్టినా చెక్కకి చిల్లు పెడుతుంది, అచ్చం మేకు దిగినట్టే. నేనూ నమ్మి, మేకులే లేని మూడు వందల ఇరవై చిల్లులకి ఓపిగ్గా లప్పం పెట్టాను. వెనకాల నువ్వు రాసిన జిగురు పుణ్యమా అని ఆ బీడింగులు ఆ రోజుకి గోడనంటుకుని నిలబడ్డాయి. మర్నాడు గరుకు కాగితంతో రుద్దుతుంటే ఒకదాని తర్వాత ఒకటి నా మీదకి వాలాయి. బిల్డింగు సంగతి తెలీదు గానీ, నేను మాత్రం రెండు రోజులు నిటారుగానే ఉన్నాను. నడుం వంగితేగా!"

టీ ఆయన నవ్వు ఆపుకోలేక కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

నాకు నవ్వు రాలేదు. తొమ్మిది గుమ్మాలు కళ్ళముందు వరసగా కూలాయి.

"రేపు నీ గుమ్మాలకి రంగు వేసేదీ నేనేనమ్మా," అన్నాడు బాబాయ్ నాతో. "నా నెత్తి మీద జాలి ఉంటే, మేకులు అయిపోగానే దానంతటదే ఆగిపోయే గన్ కొనుక్కో."

"అది నీకు తెలియాలనే కదే ఈ కథంతా ఎత్తుకున్నాను!" అన్నాడు మావయ్య, తడుముకోకుండా.

కొట్టు తెరిచారు. బరువు గన్ బల్ల మీద పెట్టారో లేదో మావయ్య లాక్కుని, పక్కనున్న చెక్కకి ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూఁ.

"ఇది చచ్చిపోయిందే, వద్దు!"

"అందులో మేకులు లేవండీ," అన్నాడు కొట్టాయన. "లేనప్పుడు కొట్టదు."

"ఇదే ఇచ్చెయ్యండి," అన్నాను. "లోపల ఏమీ లేకపోయినా ఆగనిది మా ఇంట్లో ఒకటి ఉండనే ఉంది."

"నా గన్ గురించి చెప్తోంది," అని కొట్టాయనకి గర్వంగా వివరించాడు మావయ్య.