సాయన్న మనుమడు అంబాడిన కథ

ఇబ్రహీంపట్నం బస్టాండ్ పక్కన ఎల్లేశ్ హోటల్ల సాయన్న కూసున్నడంటే చాయ్ చల్లారాలె గని మాట చల్లారదు. చెరువుల వల ఇసిరిన చేతులాయె, మాటలు సుత గట్లనే ఇసురుతడు. ఆ శనివారం మాత్రం గుండెల జర గుబులుగనే ఉండె. సెలవు అయిపోయిన కోడలు యశోద సోమవారం సంది ఆదిభట్ల కంపెనీకి పోవాలె. తొమ్మిది నెలల పిల్లగాన్ని ఆడిచ్చే సెంటర్ల ఏద్దామని చూసిరానీకి పోయింది, వచ్చినంక చెప్తనన్నది. మనుమన్ని తనకాడ ఇడిస్తే చాలని సాయన్న పానం కొట్టుకుంటున్నది. గా మాట కోడలిని అడగనీకి మాత్రం నోరు రాలె.

"పిల్లల్ని పద్ధతిగా ఆడించాలట సాయన్నా, అప్పుడే బుర్ర పెరుగుతుందట. మా ఆవిడ మంగాయమ్మ చెప్పింది" అన్నడు శేషగిరిరావు. భీమవరం దిక్కుకెళ్లి వచ్చి వీళ్ల గల్లీలనే ఇల్లు కట్టుకున్న సారు.

"పద్ధతి నాకా చెప్తున్నరు సారూ?" సాయన్న సాసర్ల చాయ్ పోసుకున్నడు. "మొన్న వాని ముంగట మూడు స్టీలు గిన్నెలు పెట్టిన. పెద్దదాంట్ల చిన్నది, దాంట్ల ఇంకా చిన్నది. ఒక్కపారి చూసిండు, గట్లనే పెట్టిండు."

"పెడ్తడు లే అన్నా" అన్నడు ఎల్లేశ్.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గిన్నెలు ఒడిసినయి. వంటింట్ల గుండిగలు, పక్కింటోళ్ల బిందెలు, ఆఖరికి ఫంక్షన్ హాల్ డేగిశలు సుత ఒకదాంట్ల ఒకటి పెట్టిండు. శేరిగూడల ఇంజనీర్ సదివే పోరగాండ్లు బస్సు మాట్లాడుకొని వచ్చి చూసిపోయిండ్రు."

"ఏ బస్సు?"

"పచ్చ బస్సు. నడుమ అడ్డం రాకు. ఇగ పాత వల బెండ్లు తాడుకు కట్టి ఇచ్చిన. వల గుంజినట్టు చెయ్యి మీద చెయ్యేసి గుంజుర అన్న. గుంజిండు. తాడెంబడి చాప వచ్చె, చాపెంబడి మంచం వచ్చె, మంచంల పండుకున్న మా ఇంటామె సిద్దమ్మ నిద్రల్నే వాకిట్లకు వచ్చె. మర్నాడు చెరువుకాడ అసలు వల అందిచ్చిన. ఒక్క గుంజుడుకు చేపలన్నీ వచ్చి కట్ట మీద వరుసగ కూసున్నయి. గుడ్లున్నయి ఇడిసిపెట్టు బిడ్డా అంటే, ఒక్కొక్కదాన్ని ఏరి మళ్ల నీళ్లల్ల ఏసిండు."

శేషగిరిరావు కళ్లజోడు తీసి తుడుసుకున్నడు. "మరి పాకుతున్నాడా?"

"అంబాడుడా? గది ఇనాలె మీరు. తువ్వాల నెత్తిమీద కప్పుకొని నేను దాక్కుంటి. నన్ను ఎతుక్కుంట వాకిలి దాటిండు, సడక్ ఎక్కిండు, ఆదిభట్ల పొయ్యే కంపెనీ బస్సును ఎనుకేసిండు. డ్రైవర్ తలకాయ బైటవెట్టి, జర సైడియ్యి బాబూ అని బతిలాడిండు. అబ్దుల్లాపూర్‌మెట్ కాడ పెద్దరోడ్డెక్కి విజయవాడ పొయ్యేటోడే, పాలకు యాళ్లయిందని మర్లి వచ్చిండు. మోకాలు ఇంత గీక్కపోతే ఒట్టు."

"వాని మోకాళ్లు గీక్కపోవు మామా."

సాయన్న ఎనుకకు మర్లి చూసిండు. పిల్లగాన్ని సంకనేసుకొని యశోద నిలవడ్డది.

"వాడు ఇంకా అంబాడనే లేదు గదా. వారం సంది కిటికీలకెళ్లి చూస్తున్న. తువ్వాల కప్పుకొని వాకిలంత అంబాడింది నువ్వు. వాడు బెండ్ల తాడు వట్టుకొని కూసున్న జాగల కూసోని నవ్విండు. నీ లుంగీ చూస్కో, మోకాళ్లకు రాసుకున్న పసుపు అంటింది."

అందరూ లుంగీ దిక్కే చూసిండ్రు. రెండు మోకాళ్ల మీద రెండు పసుపు మరకలు. శేషగిరిరావుకు చాయ్ పొలమారింది, ఎల్లేశ్ గంటె పక్కకువెట్టి పొట్ట వట్టుకొని నవ్విండు. సాయన్న తలకాయ దించుకున్నడు. మనుమడు చెయ్యిజారి పోయిండనే అనుకున్నడు.

"చూసి నేర్సుకుంటడని చేసిన బిడ్డా" అన్నడు మెల్లగ.

"సెంటర్ చూసొచ్చిన. బొమ్మలు మస్తున్నయి. నాకు ఆడ మనసొప్పలె." యశోద పిల్లగాన్ని ఆయన ఒళ్లె కూసోవెట్టింది. "సోమవారం సంది నీకాడనే ఉంటడు. మోకాళ్లకు జర గుడ్డ కట్టుకో."

సాయన్న కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తువ్వాలతోని ఒత్తుకొని, సారు దిక్కు మర్లిండు. "ఇన్నరా సారూ? వీనికి మేమేం నేర్పుతమని సెంటరోళ్లే దండం పెట్టి వాపస్ పంపిండ్రట."

"మామా."

"జరంతనే పెంచి చెప్పిన బిడ్డా" అనుకుంట పిల్లగాన్ని సంకనేసుకొని లేవబోయిండు, మోకాలు పట్టేసి బల్ల మీద కూలవడ్డడు. గది సుత తనను ఆడిచ్చుడే అనుకొని మనుమడు కిలకిల నవ్విండు.