ఒక్క వరస

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంట, కట్ట మీద మోటారు షెడ్డు. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లను నడిపే చిన్న కంప్యూటర్ పెట్టెను బిగించిన సుధాకర్‌ను గుంట ఆసామి గిద్యోను పిలిపించాడు. కూర్చోమనలేదు.

“నిన్న కరెంటు పోయి వచ్చింది. నేను ఊళ్ళో లేను. షెడ్డుకు తాళం. ఏరియేటర్లు ఎట్టా తిరిగినాయి?”

“తిరిగినాయి గదన్నా. రొయ్యలు బతికినాయి.”

“బతికిన సంగతి నేనడగలా. ఎవరు నడిపించినారు?”

“కరెంటు రాంగానే పెట్టె దానంతటదే లేస్తది.”

“పెట్టె లేస్తది. లోపల ప్రోగ్రాం లెయ్యదు, మనిషి పోయి నడిపించాలని చెప్పింది నువ్వే. సిస్టమ్‌డీ అని ఏందో దీంట్లో లేదన్నావు.”

“లేదన్నా. పెద్ద మిషన్లలో అయితే అన్నిటినీ అదే లేపుద్ది. ఇది చిన్నది.”

“మరి? ఇంకో తాళంచెవి చేయించినావా?”

“నాకెందుకన్నా తాళంచెవి?”

“అడిగినదానికి చెప్పు. నా షెడ్డులోకి ఎవరొస్తా ఉండారు?”

“ఎవరూ రారు. పెట్టె లేచేటప్పుడు చదివే ఫైలు ఒకటుంది. దాంట్లో ఒక వరస రాసినా. చివర అండ్ గుర్తు పెట్టినా. ఇంక ప్రోగ్రాం వెనకాల నడుస్తానే ఉంటది.”

“ఒక్క వరసా?”

“ఒక్కటే.”

“ఎప్పుడు రాసినావు?”

“ఆ మూల ఏరియేటరు శబ్దం మారిందన్నా, ఒకసారి చూసి—”

“అది తర్వాత. ఎప్పుడు?”

“మగ్దలీన వదినను సమాధి చేసిన మర్నాడు. తాళంచెవి మీ తమ్ముడి దగ్గర తీసుకున్నా. మీరు పడుకోనుండినారు.”

“ముందే రాసుంటే?”

“ఆ మాట వద్దన్నా.”

“ముందే రాసుంటే, కరెంటు వచ్చిందని మగ్దలీన ఆ చీకట్లో ఈ కట్ట మీదికి వచ్చుండదు. పాము కరిచుండదు. అవునా, కాదా?”

“అవును.”

“ఒక్క వరస దాచుకున్నావు. మాటిమాటికీ నిన్ను పిలవాలని.”

“నేను దాచలేదు.”

“తల దించుకోని చెప్తావేంది? నువ్వు గాకపోతే ఇంకెవరు?”

“బిగించిన రోజే రాస్తానని చెప్పినా. నాలుగైదుసార్లు కరెంటు తీసి పెట్టి చూసుకోవాల, ఇంకో పూట పడుద్దన్నా.”

“ఎవరితో చెప్పినావు?”

“మీతోనే. ‘ఆ పూట దండగెందుకు, మగ్దలీన ఊరికేనే గదా ఉండేది, పోయి నడిపిస్తది’ అన్నారు. వదిన గూడా ఆడనే ఉండింది.”