ఆదివారం సుత్తి చప్పుడు

జర్మనీలో స్టుట్‌గార్ట్. ఆదివారం మధ్యాహ్నం. రెండో అంతస్తులో కొత్తగా దిగిన హైమావతి, మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే జనార్దనరావుగారి గుమ్మంలో నిలబడింది.

“అది కాదంకుల్, ఇక్కడ ఆదివారం సుత్తి పట్టకూడదని మీకు తెలీదా? ఎన్నేళ్ళ నుంచో ఉంటున్నారు.”

“తెలుసమ్మా. గుమ్మంలో ఎందుకు, లోపలికి రా.”

“వద్దండి, వెళ్ళాలి. కింది అంతస్తు జర్మనావిడ ఫ్రావ్ క్రామర్ మళ్ళీ కంప్లైంట్ పెడతానంటోంది. ఈసారి పెడితే మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమంటారట. ఇద్దరూ ఇండియన్సే కదా, నువ్వే చెప్పమని నన్ను పంపింది.”

“పంపిందా? మంచిదే. ఒక్క నిమిషం వచ్చి చూసి వెళ్ళు. అదిగో, నేను చేసిన బెంచీ.”

“మీరే చేశారా? బావుందే. మేకులేవీ?”

“మేకుల్లేవు, జిగురూ లేదు. జపాన్ వాళ్ళ వడ్రంగం. ఈ చెక్క నాలుక ఆ చెక్క గాడిలో దూరి పట్టేసుకుంటుంది. వాళ్ళ రంపం కూడా మన వైపు లాగితేనే కోస్తుంది. మా ఆవిడ పోయాక వీడియోలు చూసి నేర్చుకున్నా. కూర్చో, కూర్చో.”

“అబ్బ, అస్సలు కదలట్లేదే.”

“కదలదు. ఇద్దరికి సరిపోయేలా చేశా. టీ పెట్టనా?”

“వద్దండి. ఇంత బిగిశాక ఇంకా ఏం కొడుతున్నారు?”

“ఇంకా… ఏవో చిన్న చిన్న పనులుంటాయమ్మా. అల్లం వేసి పెడతా.”

“అంకుల్, బెంచీ మీద ఒక్క దెబ్బ లేదు. కింద పడున్న ఈ ముక్కకేమో ఒళ్ళంతా సొట్టలు.”

“అది వేస్ట్ ముక్క. నీకు పంచదార ఎంత?”

“వేస్ట్ ముక్కని కొట్టడం ఎందుకు?”

“మీరు దిగిన రోజే పోస్టు డబ్బా మీద పేరు చూశా. తెలుగువాళ్ళేనని సంబరపడ్డా.”

“మరి కిందికి రావాల్సింది కదా.”

“ఇక్కడ టెర్మిన్ లేకుండా, ముందుగా టైము అడక్కుండా ఎవరింటికి వెళ్తాం? మీ తలుపు దాకా వచ్చి కూడా వెనక్కెళ్ళిపోయా.”

“నేనడిగింది సుత్తి గురించి అంకుల్.”

“నేను చెప్తున్నదీ అదేనమ్మా.”

“నాకర్థం కాలేదు.”

“బెంచీ క్రిస్మస్‌కే అయిపోయింది. ఆదివారం చప్పుడు చేస్తే, తిట్టడానికైనా ఎవరో ఒకరు వస్తారని.”