తాళం వెనక పదకొండు పేర్లు

మన మఠం పెద్ద భంతేకి ప్రణామం. ఖైన్‌వా, తల్లీ. అక్కలారా, చెల్లెళ్ళారా. తలుపు పక్కన కూర్చున్న ఊ చీథైన్ అన్నగారూ. అందరికీ నమస్కారం.

బయటివాళ్ళు అడిగితే మనం భిక్షువులకి భోజనం పెట్టుకోవడానికి వచ్చాం. అదీ నిజమే. కానీ ఎందుకొచ్చామో మనకి తెలుసు. కో థూరా లేడు. వీధి చివర ఫోన్లు బాగుచేసే కో థూరా, మన ఖైన్‌వా భర్త, నలభై ఒక్క ఏళ్ళవాడు, లేడు. పోయినవారి పేరు అచ్చువేసిన విసనకర్రలు పంచడం మన ఆచారం. మౌల్మీన్‌లో ఏ ప్రెస్సువాళ్ళూ ఈ పేరు అచ్చువెయ్యడానికి ఒప్పుకోలేదు. అందుకే మీ చేతుల్లో ఉన్న విసనకర్రల మీద ఏమీ లేదు.

పదో తరగతి దాటాక నేను రాసినవి మఠంలో వంటవంతుల జాబితాలే. ఇవాళ కలం ఎందుకు పట్టానంటే, ఇరవై ఆరు రోజులుగా ఒక మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది. కాగితం మీద ఉంటే చివరిదాకా చదవక తప్పదని రాసుకొచ్చాను. నా గొంతు చిన్నది. వెనకవాళ్ళు కాస్త ముందుకు జరగండి.

ఫోనులో తాళం వేసి పంపే ఉత్తరాలు మనకి నేర్పింది కో థూరానే. మనం రాసిన మాట దారిలో కలగాపులగం అయిపోతుంది, అందుకోవాల్సినవాళ్ళ ఫోనులోనే మళ్ళీ మాటవుతుంది. మధ్యలో ఎవరు పట్టుకున్నా వాళ్ళకి తవుడే. అలాంటివి ఫోనులో ఉంటే నేరమని సైన్యం ఆర్డరు వచ్చింది. వంతెన దగ్గర బస్సు ఆపి అందరి ఫోన్లూ తడమడం మొదలైంది. నేను భయపడి కొట్టుకి వెళ్ళి, ‘తీసెయ్యి తమ్ముడూ, పంచశీలాలు పాటించేదాన్ని, నాకు దాచుకోవాల్సిందేముంది?’ అన్నాను. అతను తల ఎత్తకుండానే, ‘వీధి బావి దగ్గర లుంగీ గుండెల మీదికి కట్టుకుని స్నానం చేస్తావు కదక్కా. దొంగసొత్తు దాచావని ఎవరన్నా అన్నారా?’ అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. యాప్ తీయించుకోకుండానే ఇంటికొచ్చాను.

ఆ తర్వాత వార్డు ఆఫీసరు మా గడపలోకి వచ్చి, ‘తాళం యాప్ ఉందా పెద్దమ్మా?’ అని అడిగాడు. ‘లేదు బాబూ’ అన్నాను. చేతిలో జపమాల ఉంది. అబద్ధమాడనని రోజూ పొద్దున్నే బుద్ధుడి ముందు చెప్పే నోరు ఇదే. భంతే, అది పాపమా? పాపమైతే ఎవరి ఖాతాలో పడుతుంది? అడిగినవాడిదా, చెప్పినదానిదా? నాకు తెలియడం లేదు.

ఇంకొక సంగతి. ఆ ఆఫీసరు భార్య ఫోను పగిలి, రిపేరుకి అతని కొట్టుకే వచ్చింది. మనం ఊరుకున్నామా? నలుగురం వెళ్ళి చుట్టూ మూగాం. ‘ఒక్కసారి తెరిచి చూడు తమ్ముడూ, ఈసారి ఎవరిళ్ళు సోదా చేస్తారో తెలుస్తుంది’ అన్నాం. అతను ఫోనుని బోర్లా పెట్టేశాడు. ‘చూస్తే వాళ్ళకీ నాకూ తేడా ఏముంది? వాళ్ళకైతే జీతమైనా వస్తుంది’ అన్నాడు. నాకు ఒళ్ళు మండి, ‘నీ నీతులు నీ కొట్లోనే పెట్టుకో’ అని వచ్చేశాను. మరుసటి వారం రెండిళ్ళు సోదా చేశారు. అతను చూసి ఉంటే ముందే తెలిసేదేమో. చూసి ఉంటే మనం మన ఫోన్లు మళ్ళీ అతని చేతికి ఇచ్చేవాళ్ళమా? ఎన్నిసార్లు ఆలోచించినా రెండూ నిజమే అనిపిస్తాయి.

ఇక ఆ మాట.

ఊళ్ళు తగలబడి కొండల మీంచి దిగివచ్చినవాళ్ళు మఠంలో తలదాచుకున్నారు. వాళ్ళకి పిడికెడు అన్నం పెట్టినా నేరమన్నారు. అయినా మన ఆడవాళ్ళు పదకొండుమంది బియ్యం, మందులు పోగుచేశారు. ఎవరు ఏమిచ్చారో కో థూరా ఫోనులో మాత్రమే ఉంది, తాళం వెనక. మోసింది కూడా అతనే, తన మూడు చక్రాల బండి మీద, నాలుగు సార్లు.

ఆ వారమే మన వార్డుకి నెట్ కోసేశారు. నేను పా-ఆన్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాను. అక్కడ నెట్ ఉంది. పౌర్ణమి. దానం చేశాక పేరు పిలిచి పుణ్యం పంచకపోతే ఆ దానం సగమే అని మా అమ్మ నేర్పింది, మీ అమ్మలూ నేర్పారు. వినేవాళ్ళు ‘సాధు’, మేలు చేశారు, అంటేనే కదా వాళ్ళకీ ఆ పుణ్యం అందేది? బియ్యం ఇచ్చినవాళ్ళ పేర్లు రాయకూడదని నాకు తెలుసు. రాయలేదు. కానీ మోసినవాడి పేరు ఎవరూ ఎప్పుడూ పిలవరే, ఆ చెమట పుణ్యం కాదా, అనిపించింది. మా చెల్లెలి ఫోనులోంచి మఠం ఆడవాళ్ళ పేజీలో, అందరికీ కనిపించేలా రాశాను: ‘కొండ నుంచి వచ్చినవారికి బియ్యం మోసిన పుణ్యం కో థూరాది. అందరూ పాలు పంచుకోండి.’

ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో అరవై మూడుమంది సాధు అన్నారు. నాకెంత సంతోషమో!

తిరిగొచ్చి చెప్పాను. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. అప్పటికప్పుడు ఆ పోస్టు ఎలా తీసెయ్యాలో చెప్పి, చెల్లెలికి ఫోను చేయించి తీయించాడు. ‘పారిపో తమ్ముడూ’ అని ఏడ్చాను. ‘రిపేరుకొచ్చిన ఫోన్లు పద్నాలుగున్నాయక్కా. వాళ్ళు వస్తే నా కొట్లో ఉన్నవన్నీ పట్టుకుపోతారు. ఎవరివి వాళ్ళకిచ్చేసి వెళ్తాను’ అన్నాడు. అంతలోనే, ‘అరవై మూడుమందా? మా పెళ్ళికి కూడా అంతమంది రాలేదే’ అన్నాడు. రెండు రోజుల్లో పదమూడు ఫోన్లు ఇచ్చేశాడు. పద్నాలుగోది ఇవ్వడానికి వెళ్తుంటే, మధ్యాహ్నం, చేపల సంత ముందు పట్టుకున్నారు.

తొమ్మిది రోజులు లోపల ఉంచారు. ఫోను తెరవడానికి అంకెలు చెప్పమని అడిగారని బయటికొచ్చిన వేరే ఖైదీ చెప్పాడు. పదో రోజు ఖైన్‌వాని పిలిచి, గుండె ఆగిందని, దహనం కూడా అయిపోయిందని, అతని చొక్కా చేతిలో పెట్టారు.

అతన్ని పట్టుకుపోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. పదకొండు గుమ్మాల్లో ఒక్కటీ ఎవరూ తట్టలేదు. తాళం గట్టిదా? మనిషి గట్టివాడా? తాళమే లేకపోతే ఫోను తెరుచుకునేది, అతన్ని వదిలేసేవాళ్ళేమో, పదకొండుమంది లోపల ఉండేవాళ్ళు. అప్పుడు ఈ సభ ఎవరి కోసం జరిగేది? తాళం అతన్ని చంపిందా, మనల్ని బతికించిందా? తాళం పెట్టుకోవడమే నేరం అన్నవాళ్ళు కదా చంపింది? చదువుకున్నవాళ్ళెవరైనా నాకు చెప్పండి. నాకు దారి దొరకడం లేదు.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. ఈ ఇరవై ఆరు రోజులూ మీరు ఊ చీథైన్ అన్నగారి టీకొట్టు గడప తొక్కలేదు. ఆయన కొట్లో ఆఫీసరు టీ తాగుతాడు కాబట్టి కో థూరా పేరు ఆయనే చెప్పాడన్నారు. కొట్టు మీద రాళ్ళు పడ్డాయి. మొన్న గోడ మీద ఎవరో ఆయన పేరు రాసి అడ్డంగా గీత కొట్టారు. అలా రాస్తే ఆ మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడో పక్క వార్డులో చూశాం. నేను ఆ గోడ పక్కనుంచే మఠానికి వెళ్ళాను. ఏమీ అనలేదు. నెట్ లేని రోజుల్లో నా పోస్టు మీరెవరూ చూడలేదు కదా, ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను.

అన్నగారు చెప్పలేదు. చెప్పింది నేను. పుణ్యం పంచుతున్నాననుకుని చెప్పాను.

అన్నగారూ, తలుపు దగ్గర వద్దు, ఇలా ముందుకు రండి. దారివ్వండమ్మా.

ఖైన్‌వా, నన్ను క్షమించమని ఇంతమంది ముందు అడిగి నిన్ను ఇరకాటంలో పెట్టను. ఈ కాగితాలు నీకిస్తాను. దాచుకో. ఎవరికీ చూపించకు. పదకొండు పేర్లూ ఇందులో లేవు, నా తప్పు ఉంది. అది మాసిపోకూడదు.

ఇక అందరూ లేచి నిలబడండి. ఇలాంటప్పుడు పేరు గట్టిగా పిలిచేది నేనే, సాధు అనేది మీరు. ఇవాళ నేను పిలవను. మీరూ ఏమీ అనకండి. అతని పేరు ఎవరి లోపల వాళ్ళు పిలుచుకోండి, పెదవులు కదలకుండా. భంతే గంట కొట్టేవరకూ.