అడుగు ముడి

"మళ్ళీ ఊడిందా, కౌంటరమ్మా?"

"ఊడక? నడిరోడ్డు మీద వంకాయలన్నీ దొర్లిపోయాయి. ఒకటి స్కూటరు కింద పడి పచ్చడైంది కూడా."

వలల మేస్త్రి గది మెట్ల కింద ఉంటుంది. గుమ్మం పక్కన స్టూలు మీద, బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసి రిటైరైన ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో ఉన్న వల సంచిని చూస్తే మేస్త్రికి సగం సిగ్గు, సగం సంతోషం.

"మొన్ననే కదా బాగుచేసిచ్చాను. బరువెక్కువ మోశారేమో."

"ఒక్క మనిషికి బరువెక్కడిది? పావుకిలో వంకాయలు."

"పావుకిలోకి ఊడకూడదే."

"ఊడింది మరి."

"ఇలా ఇవ్వండి, చూస్తాను."

"ఇస్తాలెండి. ఇప్పుడే కదా కూర్చున్నాను. ముందు ఆ చేతిలోది కానివ్వండి."

"ఇది బడి పిల్లల ఫుట్‌బాల్ వల. ఇప్పట్లో కాదు."

"మరీ మంచిది."

"ఏమిటి?"

"ఏం లేదు. ఈ వల కన్నులన్నీ ఒక్కలాగే ఎలా వస్తాయా అని."

"ఇదిగో, ఈ బద్ద. దీని చుట్టూ దారం తిప్పి ముడేస్తే ఏ కన్నైనా బద్దంతే వస్తుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు. గొప్పంతా చెక్కముక్కది."

"మీ ఆవిడ కూడా అల్లేవారా?"

"అల్లేది కాదు. కండెకి దారం చుట్టేది. నేను ఖాళీ కండె వెనక్కి చాపితే నిండు కండె చేతిలో పెట్టేది. ఇప్పటికీ ఒక్కోసారి చెయ్యి వెనక్కి చాపేస్తుంటాను."

"చాపి?"

"చాపి ఏముంది. కాసేపుంచి, తీసుకుని, నేనే చుట్టుకుంటాను."

"నేను గోడతో మాట్లాడతాను. గోడలకి చెవులుంటాయంటారు కదా, మా ఇంటి గోడకి విని విని పెచ్చులూడుతున్నాయి."

"అంతమంది జనం మధ్య బతికిన మనిషి..."

"అదే కదా. రోజంతా ఆ కిటికీలోంచి 'ఎక్కడికి, ఎంతమంది, చిల్లర ఇవ్వండి' అంటూ విసుక్కునేదాన్ని. ఇప్పుడు చిల్లర లేదని ఎవరైనా వచ్చి నాతో పోట్లాడితే బాగుండనిపిస్తుంది."

"నా దగ్గర చిల్లర లేదు."

"పోట్లాట కూడా రాదు మీకు."

"ఏది, సంచి ఇటివ్వండి. చీకటి పడకముందే చేసిస్తాను."

"ఇస్తాను. అది కాదు మేస్త్రిగారూ, మీకో మాట చెప్పకూడదనుకున్నాను."

"ఏమిటది?"

"వద్దులెండి."

"సగం చెప్పి వదిలేస్తే ఎలా?"

"మా కింది వాటా టైలరు. నేను సంచి పట్టుకుని వస్తుంటే చూసి నవ్వాడు. 'మళ్ళీనా? మేస్త్రికి వేళ్ళు వణుకుతున్నాయా ఏమిటి, పనైపోయినట్టుంది' అన్నాడు."

"నా వేళ్ళా?"

"నేనూరుకోలేదు. గట్టిగానే..."

"నా వేళ్ళు వణకడమేమిటి. నేనేసిన ముడి పంటితో లాగినా రాదు."

"నాకు తెలీదా? అందుకే మనసు పాడైంది. నా మూలంగా మీ పేరు..."

"మీ మూలంగా కాదు. నా మూలంగానే."

"మీ మూలంగానా? ఎలా?"

"ఏం లేదు."

"ఇప్పుడు సగంలో వదిలేస్తున్నది మీరు."

"కోప్పడకండి. సంచి అల్లడం అయ్యాక కన్నులన్నీ ఒకచోటికి చేర్చి అడుగు ముడి వేస్తాం. బరువంతా దాని మీదే. మీ సంచికి ఆ ముడి వదులుగా వేశాను. కావాలనే."

"కావాలనేనా?"

"మీరు కొనడానికొచ్చిన రోజు, నేను ఆఖరి వరసలు వేస్తుంటే, అదే స్టూలు మీద కూర్చుని బస్సుల కబుర్లు చెప్పారు. ఎన్నాళ్ళకో నవ్వాను. పని అవగానే లేచి వెళ్ళిపోతారు కదా అనిపించింది. చెయ్యి బిగించలేదు."

"మరి బాగుచేసినప్పుడు?"

"అప్పుడూ అంతే. బుద్ధిలేని పని. మీ వంకాయలూ పోయాయి, నా పేరూ పోయింది. ఇవాళ జంట ముడి వేసి చివర్లు కాల్చి అతికించేస్తాను. ఇక జన్మలో ఊడదు. మీరు ఇంతదూరం రానక్కర్లేదు."

"రానక్కర్లేదా?"

"ఇంత చేశాక ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను?"

"మేస్త్రిగారూ, మొన్న మీరు ఆ ముడి వేస్తుంటే చూశాను. వదులని అప్పుడే తెలిసింది."

"తెలిసీ ఏమీ అనలేదా?"

"ఏమంటాను? చెయ్యి జారిందనుకున్నాను. మీ పనిని ఎవరూ వేలెత్తి చూపకూడదని, ఇంటికెళ్ళి తడిపి, నేనే లాగి బిగించేశాను."

"బిగించారా? బిగిస్తే మరి ఎలా ఊడింది?"

"ఇదిగో సంచి. మీరే చూసుకోండి."

"అడుగు ముడి రాయిలా ఉంది. పక్కన నాలుగు కన్నులు వరసగా తెగాయి. ఎలక పనేమో ఇది."

"మా ఇంట్లో ఎలకలు లేవండీ. కూరల కత్తి ఉంది."